ఆరు సాకెట్ల ఫిల్టర్ బాక్సు, పట్టేవి మూడే. ఈ లావు అడాప్టర్లని ఎలా సర్దాలి?

సందేహాలరావు

అందరికీ నమస్కారం. టేబుల్ కింద పెట్టుకుందామని సర్జ్ ఫిల్టర్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగిస్తే కాపాడేది) ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి కొన్నాను. సాకెట్లు ఆరు, నా దగ్గరున్న వస్తువులూ ఆరే, లెక్క సరిపోయిందని సంబరపడ్డాను. తీరా పెట్టి చూస్తే రౌటర్ అడాప్టర్ పక్క సాకెట్టు మీదికి ఒరిగింది, హార్డ్ డిస్క్ అడాప్టర్ అటూ ఇటూ రెండిటినీ మూసేసింది, మానిటర్ది ఇంకా లావు. మూడు పెట్టేసరికి బాక్సు నిండిపోయింది. మిగిలిన మూడు సాకెట్లూ కనిపిస్తూనే ఉన్నాయి గానీ వాటిలో ఏదీ దూరదు. ఫోన్ ఛార్జర్ని కొంచెం వంచి బలంగా తోస్తే దూరింది, ఛార్జింగ్ కూడా అవుతోంది, కానీ పిన్నులు పూర్తిగా లోపలికి పోలేదు, సందులోంచి ఇత్తడి మెరుస్తూ కనిపిస్తోంది. అలా వదిలేస్తే ఏమన్నా అవుతుందా? ఇంకో బాక్సు కొనకుండా దీన్లోనే సర్దే దారి ఉందా?

తొందరబాబు

బ్రో, దీనికింత ఆలోచనా? ఒక మల్టీప్లగ్ తెచ్చి సాకెట్లో గుచ్చు, దానికి మూడు పక్కలా మూడు బెజ్జాలుంటాయి, అడాప్టర్లు పైకి లేస్తాయి, కింద చోటు మిగులుతుంది. అదీ కుదరకపోతే ఆకురాయి తీసుకుని అడాప్టర్ అంచు అరగదీసెయ్. నేనొకసారి అలాగే చేశాను, రెండేళ్ళయింది, ఇంకా పనిచేస్తోంది.

మూడోపిన్ను

ముందు ఆ మెరిసే ఇత్తడి ఛార్జర్ని పీకండి సందేహాలరావు గారూ, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. మీకు కనిపిస్తున్నది ఇత్తడి మాత్రమే కాదు, కరెంటు ఉన్న ఇత్తడి. బల్ల కింద చెయ్యి పెట్టి తడుముకుంటూ వెతికినప్పుడు వేలు తగిలేది సరిగ్గా అక్కడే. వెనక పడిపోయిన ఒక పేపర్ క్లిప్పు ఆ సందులో చిక్కుకున్నా చాలు.

తొందరబాబుకి: అడాప్టర్ గుల్ల అరగదీయడం అంటే లోపల కరెంటుకీ నీ చేతికీ మధ్య ఉన్న గోడని పల్చన చేయడం. రెండేళ్ళు ఏమీ కాలేదంటే నీ అదృష్టం, నీ పద్ధతి మంచిదని కాదు.

పాతరేడియో

వంచి తోసిన ప్లగ్గు గురించి ఇంకో మాట. సాకెట్లో పిన్నుని పట్టుకునేవి రెండు స్ప్రింగు రేకులు. పిన్ను నిటారుగా లోపలికి దిగితే రేకు బారునా ఒరుసుకుంటుంది. వంకరగా పోతే ఎక్కడో ఒక మొన దగ్గర మాత్రమే తగులుతుంది. తగిలే చోటు తగ్గితే అక్కడ నిరోధం పెరుగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఫోన్ ఛార్జర్‌తో మీకేమీ తెలియదు. ఆ లూజ్ కాంటాక్టు 0.1 ఓమ్ అనుకోండి, 0.3 ఆంపియర్లు పోతుంటే అక్కడ పుట్టే వేడి వాటులో వందో వంతు కూడా కాదు. అదే సాకెట్లో రేపెప్పుడో 10 ఆంపియర్ల వస్తువు పెడితే 10 వాట్లు, అంతా ఒక బియ్యపుగింజంత చోట. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, రేకు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. మంట మొదలయ్యేది అలా. బలవంతంగా వంచిన ప్లగ్గు రేకుని కూడా ఒక పక్కకి వంచేస్తుంది, ప్లగ్గు తీసేశాక కూడా అది అలాగే ఉండిపోతుంది.

మల్టీప్లగ్ సంగతి నేను స్వయంగా అనుభవించాను. ఒక చలికాలం గది హీటర్, దాని పక్కనే ఒక లావు అడాప్టర్, రెండూ ఒకే మల్టీప్లగ్‌లో పెట్టాను. అడాప్టర్ బరువుకి మల్టీప్లగ్ మొత్తం కిందికి వాలింది, అంటే పై పిన్ను వదులు, కింది పిన్ను బిగువు. నాలుగు రోజులు గదిలో చేపల నీచు లాంటి వాసన. మేం ఎలుక చచ్చిందేమోనని బీరువాలు జరిపి వెతికాం. కాలుతున్న సాకెట్టు ప్లాస్టిక్కుకి ఆ వాసన రావచ్చని అప్పటికి తెలియదు. మల్టీప్లగ్ లాగితే ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు వలయం, సాకెట్టు బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంది.

తొందరబాబు

సరే పెద్దాయనా, హీటర్ పెట్టకపోతే సరి. ఆయన అడుగుతున్నది రౌటర్ గురించి.

కిటికీపక్క

రావు గారూ, కొత్తగా ఏదీ కొనే ముందు ఒక అరగంట ఒక అట్టముక్కా స్కేలూ పట్టుకుని కూర్చోండి. నేను ఇలాగే తిప్పలు పడి చివరికి కనిపెట్టిన సంగతి ఏమిటంటే, అడాప్టర్ మొత్తం వెడల్పుతో పనిలేదు. పిన్నుల నడిమి నుంచి ఎడమ అంచుకి ఎంత, కుడి అంచుకి ఎంత, ఈ రెండూ విడివిడిగా కావాలి, ఎందుకంటే చాలా అడాప్టర్లకి పిన్నులు నడిమధ్య ఉండవు, ఒక వైపుకి జరిగి ఉంటాయి. తర్వాత బాక్సులో ఒక సాకెట్టు నడిమి నుంచి పక్క సాకెట్టు నడిమికి దూరం కొలవండి. పక్కపక్కన పెట్టే రెండిట్లో ఎడమదాని కుడి కొలత, కుడిదాని ఎడమ కొలత కలిపితే ఆ దూరం మించకూడదు. లెక్క అంతే. చివరి సాకెట్లకి ఒక పక్క ఆకాశమే, కాబట్టి ఎటో ఒక వైపు బాగా పొడుచుకొచ్చినవి చివర్లకి పోవాలి, మనమేమో చేతికందింది అందినట్టు మధ్యలో గుచ్చుతాం.

అట్టని అడాప్టర్ల ఆకారంలో కత్తిరించి, పిన్నుల చోట చుక్క పెట్టి, బాక్సు మీద పరిచి జరుపుతూ చూడండి. పిల్లలాటలా ఉంటుంది గానీ నిజమైన అడాప్టర్లు పదిసార్లు గుచ్చి పీకడం కంటే నయం.

ఎర్త్ లేని రెండు పిన్నుల అడాప్టర్ అయితే తలకిందులుగా కూడా పెట్టి చూడండి, ఎడమది కుడి అవుతుంది. ప్లగ్గు ఆకారం ఒప్పుకుంటేనే సుమా, మూడు పిన్నులవాటికి ఆ వీలు లేదు.

సందేహాలరావు

కిటికీపక్క గారూ, మా అబ్బాయి అట్టపెట్టె బలి ఇచ్చి కొలిచాను. సాకెట్టు నడిమి నుంచి నడిమికి 42 మిల్లీమీటర్లు. హార్డ్ డిస్క్ అడాప్టర్ అటూ ఇటూ 29. రౌటర్ది ఎడమకి 21, కుడికి 25. మానిటర్ది ఎడమకి 18, కుడికి ఏకంగా 40. ల్యాప్‌టాప్ ప్లగ్గు 17 చొప్పున, ఫోన్ ఛార్జర్లు రెండూ 14 చొప్పున.

మానిటర్ని కుడి చివర పెడితే దాని 40 బయటికి పోయింది. దాని ఎడమన ఒక ఫోన్, తర్వాత రౌటర్, తర్వాత ల్యాప్‌టాప్, తర్వాత రెండో ఫోన్. అన్నీ పట్టాయి! ఎడమ చివర మిగిలింది హార్డ్ డిస్క్. దాని కుడి 29, పక్కన ఫోన్ ఛార్జర్ ఎడమ 14, మొత్తం 43. ఒక్క మిల్లీమీటరు. ఒకే ఒక్క మిల్లీమీటరు అండీ.

తొందరబాబు

ఆకురాయి 🙂

మూడోపిన్ను

దాన్ని కింద పెట్టు తమ్ముడూ.

పాతరేడియో

ఒక్క మిల్లీమీటరేనని వంచి తోయకండి. అడాప్టర్ది పెద్ద చదరపు మూతి కాబట్టి అంచు పక్క ఛార్జర్ని కొంచెం పైకి లేపేస్తుంది, మళ్ళీ ఇత్తడి మెరుపు కథే. ఆ ఒక్కదానికి ఒక తోక కొనండి. 20, 30 సెంటీమీటర్ల పొట్టి ఎక్స్‌టెన్షన్ తీగ, ఒక చివర ప్లగ్గు, ఇంకో చివర ఒకే ఒక సాకెట్టు. బాక్సులో తోక ప్లగ్గు మాత్రమే ఉంటుంది, లావు అడాప్టర్ పక్కన నేల మీద పడుకుంటుంది. సాకెట్టు మీద బరువు కూడా పడదు.

కొనేటప్పుడు చూడాల్సింది: మూడు తీగలూ ఉండాలి, మధ్యలో ఎర్త్ మింగేసే రెండు పిన్నుల తోక వద్దు, తీగ మీద మందం రాసి ఉండాలి, రాగి 0.75 చదరపు మిల్లీమీటర్లకి తక్కువది పట్టుకోకండి. పక్కవాటిని మూసే పెద్ద తల ఉన్న తోక అయితే కొని లాభం లేదు, దాన్ని కూడా కొలిచే కొనండి.

సందేహాలరావు

ఒక అనుమానం. తోక మధ్యలో వస్తే ఫిల్టర్ పనిచేస్తుందా? రక్షణ బాక్సు దాకానే ఉంటుందేమో కదా?

మూడోపిన్ను

పనిచేస్తుంది. రక్షణ బాక్సు లోపల జరుగుతుంది, తోక దాని తర్వాత వస్తుంది, కాబట్టి హార్డ్ డిస్క్‌కి అందేది వడగట్టిన కరెంటే. తిరగేస్తేనే తంటా. గోడలో ముందు మల్టీప్లగ్ పెట్టి, దానికి ఫిల్టర్ బాక్సు తగిలించి, మల్టీప్లగ్‌లో మిగిలిన బెజ్జాల్లో టీవీ పెట్టేవాళ్ళున్నారు. ఆ టీవీకి ఫిల్టర్ పక్కింటి చుట్టం.

కానీ నాకు తోక మీద కూడా ఒక అభ్యంతరం ఉంది పాతరేడియో గారూ. బాక్సుకి బాక్సు తగిలించకూడదని మనమే ఇక్కడ నెత్తీనోరూ కొట్టుకుంటాం. తోక కూడా ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షనే కదా?

పాతరేడియో

సరైన ప్రశ్నే. బాక్సుకి బాక్సు వద్దనడానికి అసలు కారణం సాకెట్ల సంఖ్య పెరగడం. ఆరుకి ఆరు కలిస్తే పదకొండు చోట్ల వస్తువులు చేరతాయి, మొత్తం భారం మొదటి బాక్సు తీగ మీద పడుతుంది. ఒక్క సాకెట్టున్న తోక భారాన్ని పెంచదు, ఒక సాకెట్టు తీసుకుని ఒక సాకెట్టే తిరిగి ఇస్తుంది. పెంచేది ఒక అదనపు కాంటాక్టుని. 24 వాట్ల హార్డ్ డిస్క్‌కి అది లెక్కలోది కాదు. హీటరుకీ ఇస్త్రీ పెట్టెకీ అయితే నేనూ ఒప్పుకోను. ఆఫీసుల్లో అగ్నిప్రమాద నిబంధనలు దీన్ని కూడా కాదంటే అక్కడ ఆ నిబంధనే చెల్లుతుంది, నేను చెప్పేది ఇంట్లో చిన్న అడాప్టర్ల సంగతి.

మూడోపిన్ను

చిన్న అడాప్టర్ల వరకూ ఒప్పుకుంటున్నాను. తోకకి రెండో తోక తగిలిస్తే మాత్రం ఊరుకోను.

అర్ధరాత్రి కోడర్

అందరూ చోటు ఎలా మిగల్చాలా అని చూస్తున్నారు, అసలు అన్ని అడాప్టర్లెందుకు అని ఎవరూ అడగట్లేదు. రెండు ఫోన్ ఛార్జర్లూ ల్యాప్‌టాప్ ఛార్జరూ తీసేసి మూడు నాలుగు పోర్టుల గాలియం నైట్రైడ్ ఛార్జర్ (చిన్న సైజులోనే ఎక్కువ వాట్లిచ్చే రకం) ఒక్కటి పెట్టండి, మూడు సాకెట్ల పని ఒక్కటి చేస్తుంది. ల్యాప్‌టాప్ టైప్ సీతో ఛార్జ్ అవుతుందో లేదో చూసుకోవాలి, దానికి 65 వాట్లు కావాలంటే మిగతా పోర్టులు కూడా నిండినప్పుడు ఆ పోర్టుకి ఎంత మిగులుతుందో డబ్బా మీద చదవాలి. మొత్తం 100 అని పెద్దక్షరాల్లో ఉంటుంది, మూడూ తగిలిస్తే 45, 30, 20 అని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

పాత అడాప్టర్లు అంత లావెందుకో తెలుసా? లోపల ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, సెకనుకి 50 లేదా 60 సార్లు ఊగే కరెంటుని నేరుగా తగ్గించాలంటే అంత ఇనుము కావాలి. ఇప్పటివి ముందు కరెంటుని డీసీ చేసి, మళ్ళీ సెకనుకి పదుల వేలు, లక్షల సార్లు కత్తిరిస్తాయి, అప్పుడు చిటికెన వేలంత ట్రాన్స్‌ఫార్మర్ చాలు. మీ దగ్గర ఏదైనా అడాప్టర్ రాయిలా బరువుగా ఉంటే అది పాతరకం అని అర్థం.

సందేహాలరావు

రౌటర్‌ని కూడా టైప్ సీ మీదికి మార్చేయొచ్చా? 12 వోల్టుల తీగలు దొరుకుతున్నాయట.

అర్ధరాత్రి కోడర్

దొరుకుతాయి, కానీ జాగ్రత్త. టైప్ సీ పవర్ డెలివరీలో మామూలుగా ఉండేవి 5, 9, 15, 20 వోల్టులు. 12 అనేది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మీ ఛార్జర్లో 12 లేకపోతే ఆ తీగ 9తోనో 5తోనో సరిపెట్టుకోవచ్చు, అప్పుడు రౌటర్ ఆన్ అవదు, లేదా అరగంటకోసారి రీస్టార్ట్ అవుతూ మీ ప్రాణం తీస్తుంది. పైగా రౌటర్లో గుచ్చే గుండ్రటి పిన్ను లోపలి బెజ్జం 2.1 మిల్లీమీటర్లదా 2.5దా, నడిమి భాగం ప్లస్సా మైనస్సా చూసుకోవాలి. అక్కడ తప్పితే రీస్టార్ట్ కూడా ఉండదు. రౌటర్‌ని దాని అడాప్టర్‌తోనే వదిలేయండి.

సందేహాలరావు

అది సరే. ఇంకో టెన్షన్ పట్టుకుంది. అడాప్టర్ల వెనక ఇన్‌పుట్ అని రాసిన అంకెలన్నీ కలిపి చూశాను. ల్యాప్‌టాప్ 1.5 ఆంపియర్లు, మానిటర్ 1.2, హార్డ్ డిస్క్ 0.8, రౌటర్ 0.5, ఫోన్లు 0.6 చొప్పున రెండు. మొత్తం 5.2. బాక్సు మీద 6 అని ఉంది. అంచుల్లో ఉన్నానా?

పాతరేడియో

లేరు. ఆ అంకె 100 నుంచి 240 వోల్టుల దాకా ఎక్కడ పెట్టినా దాటకూడని గరిష్ఠం, 100 వోల్టుల దగ్గర పూర్తి భారంతో ఉన్నప్పటిది, దాని మీద ఇంకొంచెం ఎక్కువే వేసుకుని రాస్తారు. అవుట్‌పుట్ చూడండి. మానిటర్ 19 వోల్టులు, 2.1 ఆంపియర్లు అంటే 40 వాట్లు. అలా మిగతావీ గుణించండి.

సందేహాలరావు

65, 40, 24, 12, ఇరవై చొప్పున రెండు. 181 వాట్లు.

పాతరేడియో

అడాప్టర్లలో వృథా అయ్యేది కూడా కలిపి 210 అనుకుందాం. 230 వోల్టుల దగ్గర అది సుమారు 0.9 ఆంపియర్. పవర్ ఫ్యాక్టర్ బాగోలేని, అంటే లాగిన కరెంటునంతా పనికి వాడుకోలేని, చిన్న అడాప్టర్లు ఇంకొంచెం ఎక్కువ లాగుతాయి, ఒకటిన్నర వేసుకోండి. అన్నీ ఒకేసారి పూర్తి భారంతో నడిస్తే సంగతి ఇది. మీ ఇరుకంతా చోటు విషయంలోనే, కరెంటు విషయంలో బాక్సు దాదాపు ఖాళీ.

బాక్సు స్విచ్ వేయగానే లోపల చిటుక్కుమని మెరిస్తే కంగారు పడకండి, అడాప్టర్లలో ఛార్జ్‌ని దాచుకునే కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా నిండుతాయి. ఆగకుండా చిటపటలాడితే మాత్రం లూజ్ కాంటాక్టే.

కిటికీపక్క

మధ్యలో ఒక మాట. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్గు పట్టలేదని మా తమ్ముడు రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టాడు, అది సన్నగా ఉంటుంది కాబట్టి చక్కగా దూరింది. అప్పటి నుంచీ ల్యాప్‌టాప్ లోహపు మూత మీద అరచెయ్యి జరిపితే జుమ్ముమని పాకినట్టుంటుంది. చెమట చేతుల భ్రమ అని వాడు, కాదని నేను.

మూడోపిన్ను

మీరే గెలిచారు. అడాప్టర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొంచెం కరెంటుని ఎర్త్‌లోకి వదలాలి, వాటి డిజైనే అంత. ఎర్త్ దారి మూసేస్తే లోహపు ఒళ్ళు గాల్లో వేలాడుతూ సగం వోల్టేజి దగ్గర నిలబడుతుంది. పోయే కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జుమ్ముమనడం తప్ప ఏమీ కాదు, కానీ నిజంగా లోపల ఏదైనా తెగి తగిలిన రోజు కాపాడాల్సింది ఆ మూడో పిన్నే. పైగా బాక్సులో సర్జ్‌ని ఎర్త్‌లోకి తోసే భాగాలుంటే, బాక్సుకే ఎర్త్ లేనప్పుడు అవి అలంకారమే. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

తొందరబాబు

ఫిల్టర్ ఫిల్టర్ అంటున్నారు, చెడిపోయిన బాక్సొకటి విప్పి చూశాను, గోడలోంచి తీసే విప్పానులే, అరవకండి. లోపల మూడు రాగి పట్టీలు, ఒక స్విచ్, ఒక లైటు, గోరంత నీలం బిళ్ళ ఒకటి. ఇదేనా ఫిల్టర్?

పాతరేడియో

శభాష్, ఈసారి పనికొచ్చే పని చేశావు. ఆ నీలం బిళ్ళ వారిస్టర్, జింక్ ఆక్సైడ్‌తో చేస్తారు. వోల్టేజి హద్దు దాటితే అది కరెంటుని తనలోంచి పోనిచ్చి పక్కవాటిని కాపాడుతుంది, దెబ్బ తిన్న ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. అది సర్జ్ రక్షణ. ఫిల్టర్ అనాలంటే వలయం మీద రెండు చుట్లు చుట్టిన కాయిల్, పక్కన డబ్బా లాంటి కెపాసిటర్ ఉండాలి, అవి కరెంటులో కలిసొచ్చే గరగరని వడగడతాయి. పెట్టె మీద ఫిల్టర్ అని రాసి లోపల గోరంత బిళ్ళ పెట్టేవాళ్ళు చాలామందే. రక్షణ ఉందని చూపే లైటు ఉన్న బాక్సులో ఆ లైటు ఆరిందంటే సాకెట్లలో కరెంటు వస్తూనే ఉండొచ్చు, బిళ్ళ మాత్రం పోయినట్టు.

కిటికీపక్క

కొత్త బాక్సు కొనేవాళ్ళెవరైనా ఉంటే, సాకెట్లు అడ్డంగా తిప్పి ఉన్నదో, కనీసం చివరి రెండూ ఎడంగా ఉన్నదో చూసుకోండి. ప్రతి సాకెట్టుకీ స్విచ్ ఉన్నది కొన్నాను నేను, లావు అడాప్టర్ పెట్టగానే స్విచ్ దాని కడుపు కిందికి పోయింది, ఆపాలంటే అడాప్టర్ పీకాలి, పీకాక ఇక స్విచ్‌తో పనేముంది?

సందేహాలరావు

పది రోజుల తర్వాత చెప్తున్నాను. తోక ఒక్కటే కొన్నాను, దాని తల సగం 12 మిల్లీమీటర్లు, కొలిచే కొన్నాను. ఆరూ నిటారుగా దిగాయి, ఇత్తడి ఎక్కడా కనిపించట్లేదు. ఊపు మీద నాలుగు పోర్టుల ఛార్జర్ కూడా తెచ్చి రెండు ఫోన్లూ దాని మీదికి మార్చాను. ఒక సాకెట్టు ఖాళీ అయింది.

ఆ ఖాళీ సాకెట్టే కొంప ముంచింది. నిన్న పొద్దున బాక్సు తీగ పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. చూస్తే మా నాన్నగారు ఇస్త్రీ పెట్టె అందులో గుచ్చి చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఖాళీగా ఉంది కదరా అన్నారు. పెట్టె మీద 1200 వాట్లని ఉంది.

పాతరేడియో

5.2 ఆంపియర్లు అదొక్కటే. మీ అడాప్టర్లు కూడా కలిస్తే 6 దాటింది. అంత కొంచెం దాటితే బాక్సులో బ్రేకర్ వెంటనే పడదు, గంటలు గంటలు మోస్తుంది, తీగే వేడెక్కుతుంది. ఇస్త్రీ పెట్టె గోడ సాకెట్లోకే. ఆ తీగ బల్ల కింద చుట్ట చుట్టి ఉందా?

సందేహాలరావు

ఉంది. రబ్బరు బ్యాండు కూడా వేశాను, చూడ్డానికి బాగుంటుందని.

పాతరేడియో

బ్యాండు తీసి చుట్ట విప్పండి, చుట్టలో వేడి బయటికి పోదు. గోరువెచ్చగా తగిలింది అందుకే.

సందేహాలరావు

విప్పాను. ఖాళీ సాకెట్టులో బల్ల దీపం ప్లగ్గు పెట్టేశాను, ఇక నాన్నగారికి చోటు లేదు. హార్డ్ డిస్క్ అడాప్టర్ కోసం తీసిన అట్టముక్క ఒకటి మిగిలితే దాని మీద ఇస్త్రీ పెట్టె వద్దు అని రాసి బాక్సుకి అతికించాను. ఆయన చదివి, కింద పెన్నుతో మరి మిక్సీ అని రాశారు.